బొంత మీద బొట్టు బిళ్ళలు: మిషను కుట్టు వదిలేస్తుంటే రాసుకున్న డైరీ

జూలై 6

మా మేనకోడలు ఆగస్టు మొదటి వారంలో విశాఖ హాస్టల్లో చేరుతోంది. కొత్త దుప్పటి కొనిపెడతానంటే వద్దంది. "నాయనమ్మ చీరలతో బొంత కుట్టి పెట్టత్తా, అది చాలు" అంది. అమ్మ బీరువాలో కట్టడం మానేసిన నూలు చీరలకు కొదవ లేదు. మంగళగిరివి, వెంకటగిరివి, ఉతికి ఉతికి పసిపిల్లల చెవి తమ్మెల్లా మెత్తబడ్డాయి.

ఇవాళ్టికి పై పొర పూర్తయింది. 5 అంగుళాల గళ్ళు, అడ్డం 12, నిలువు 17, మొత్తం 204. నాలుగు పక్కలా పావంగుళం కుట్టుకి పోతుంది కాబట్టి ఐదున్నర అంగుళాల చొప్పున కోశాను. కుట్టాక కొలిస్తే 60 అంగుళాల వెడల్పు, 85 అంగుళాల పొడవు వచ్చింది. ఇందులో 36 గళ్ళు మాత్రం నూలువి కావు. అది మా వదిన నీలం సింథటిక్ చీర. పిల్ల చిన్నప్పుడు ఆ చీర కొంగు గుప్పిట్లో పట్టుకుంటే గానీ నిద్రపోయేది కాదు. అది లేకుండా ఈ బొంత కుట్టకూడదని నేనే పట్టుబట్టాను.

లోపల రెండు పొరలు, వెనక ఒక పొర, మూడూ పాత నూలు చీరలే. చీర పన్నా 46 అంగుళాలే, బొంతకి చాలదు. అందుకని ఒక్కో చీరలో 88 అంగుళాల ముక్కలు రెండు కోసి పక్కపక్కన జోడించాను. చీరకి ఒక పొర చొప్పున వచ్చింది.

సాయంత్రం హాల్లో నేల మీద నాలుగు పొరలూ పరిచి, ముడతలు లాగి, జానెడుకో వరుస చొప్పున కచ్చా కుట్టు వేశాం. ఒక చివర అమ్మ, ఇంకో చివర నేను. అంచుల దగ్గర మాత్రం పిన్నీసులు పెట్టాను. అమ్మ చేత్తో బొంతలు కుట్టిన మనిషి. మందం రెండు వేళ్ళ మధ్య నొక్కి చూసి, "ఇంత లావు నీ మిషను లాగుతుందంటావా?" అంది.

నా మిషను ఇంట్లో వాడుకునే మామూలు జిగ్‌జాగ్ మిషను. పన్నెండేళ్ళ కిందట కొన్నది, మోటారుతో నడుస్తుంది. బాబిన్ కేసు, అంటే కింద దారం చుట్టిన బాబిన్ పెట్టే డబ్బీ, ముందు నుంచి పెట్టుకునే రకం. జాకెట్లకు, ఫాల్స్‌కి ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

జూలై 8

పై పొరనీ కింది పొరనీ సమంగా జరిపే వాకింగ్ ఫుట్ బిగించి, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు పెట్టి, అతుకులకు పావంగుళం పక్కగా నిలువు గీతలు మొదలుపెట్టాను. ఐదు గీతలు అయ్యాక తిప్పి చూస్తే గుండె జారింది. నాలుగైదు కుట్లు ముత్యాల్లా పడ్డాయి. ఆ పక్కనే ఒక సెంటీమీటరు మేర పై దారం ఊరికే బట్ట మీద పడుకుని ఉంది. గోరు పెడితే ఉచ్చులా లేచి వచ్చింది. అంటే సూది బట్టలోకి దిగింది, బెజ్జం కూడా పడింది, కింద దారంతో ముడి మాత్రం పడలేదు. అలాంటి చోట ఉతికినప్పుడు ఒక పోగు ఏ మంచం మేకుకో తగిలితే గీత మొత్తం ఊడి వస్తుంది.

విప్పేసి మళ్ళీ కుట్టబోయి ఆగాను. ఎక్కడెక్కడ వదిలిందో చూడకుండా విప్పితే ఎందుకు వదిలిందో ఎప్పటికీ తెలియదు. సుద్దముక్కతో గుర్తు పెడదామంటే ఆ రంగుల మీద కనిపించదు. అద్దానికి అంటించి ఉన్న బొట్టు బిళ్ళల అట్ట తీసుకొచ్చాను. కుట్టు వదిలిన ప్రతి చోటా ఒక ఎర్ర బిళ్ళ అంటించాను. ఐదు గీతల్లో 37 బిళ్ళలు పడ్డాయి.

తర్వాత బొంతని మంచం మీద వేసి, దూరంగా నిలబడి చూశాను. బిళ్ళలు ఇష్టమొచ్చినట్టు పడలేదు. 23 బిళ్ళలు గళ్ళ అతుకులు దాటే చోట, దాటిన వెంటనే ఉన్నాయి. 11 నీలం గళ్ళ మీద ఉన్నాయి. మిగిలిన మూడింటికి మాత్రం ఏ వరసా లేదు.

ఈ లెక్క నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇక నుంచి మిషను మీద ఏదైనా ఒక్కటే మార్చాలి, మార్చాక ఒక గీత కుట్టాలి, బిళ్ళలు లెక్కపెట్టాలి.

జూలై 9

నిన్న రాసుకున్న నియమం పొద్దున్నే తప్పాను. అలవాటు కొద్దీ చెయ్యి పై దారం బిగువు సర్దే టెన్షన్ చక్రం మీదకే పోయింది. నాలుగు మీద ఉన్నదాన్ని రెండుకి తెచ్చాను. వదలడం తగ్గలేదు, పైగా బొంత వెనక దారం జడల్లా ఉబ్బింది. ఆరుకి పెడితే దారం తెగింది. మళ్ళీ నాలుగుకి తెచ్చి వదిలేశాను. గంటన్నర పోయింది. కుట్టు బిగువుగా ఉందా వదులుగా ఉందా అన్నది టెన్షన్ పని. కుట్టు పడిందా లేదా అన్నది వేరే చోట తేలుతుంది. ఆ చోటు కళ్ళారా చూద్దామని మధ్యాహ్నం సూది ప్లేటు, అంటే సూది దిగే బెజ్జం ఉన్న ఇనప రేకు, విప్పేశాను.

స్విచ్ తీసేసి, ఫోను టార్చి వేసి, చేత్తో చక్రం తిప్పుతూ చూశాను. కనబడటానికి పైన ఎర్ర దారం ఎక్కించాను. పాత చీర ముక్క రెండు మడతలు పెట్టి, గట్టిగా సాగదీసి పట్టుకోమని అమ్మకిచ్చాను.

మిషను సూదిని గోటితో తడిమితే తెలుస్తుంది. ఒక పక్క పొడుగునా సన్నటి గాడి ఉంటుంది. రెండో పక్క బెజ్జానికి కాస్త పైన చిన్న గుంట ఉంటుంది, అక్కడ సూదిని కొంచెం చెక్కేసినట్టు. దారం ముందు నుంచి బెజ్జంలోకి వెళ్తుంది కాబట్టి నా మిషన్లో గాడి నా వైపు, గుంట వెనక వైపు ఉంటాయి. సూది దిగుతున్నంతసేపూ ముందు దారం గాడిలో దాక్కుని దిగుతుంది. సూది అట్టడుగుకు వెళ్ళి పైకి లేవడం మొదలుపెట్టగానే అసలు పని జరుగుతుంది. గాడిలో ఉన్న దారం సూదితో పాటు లేస్తుంది. వెనక వైపు దారానికి గాడి లేదు, అది బట్టకు ఒరుసుకుని ఉంటుంది, బట్ట దాన్ని పట్టుకుంటుంది. సూది రెండు మిల్లీమీటర్లు లేచేసరికి ఆ దారం పైకి పోలేక గుంట దగ్గర పక్కకు ఉబ్బుతుంది. బియ్యపు గింజంత ఎర్రటి ఉచ్చు. అదే క్షణానికి బాబిన్ కేసు చుట్టూ తిరిగే కొక్కెం, అంటే హుక్కు, దాని మొన గుంట పక్కనుంచి, కాగితం పట్టేంత సందులోంచి వచ్చి, ఆ ఉచ్చులో దూరి, దాన్ని లాక్కుపోయి బాబిన్ కేసు చుట్టూ తిప్పేస్తుంది. కింద దారం అందులో చిక్కుతుంది, కుట్టు పడుతుంది.

అమ్మ వంగి చూసి, "చేతి సూదికి బెజ్జం వెనక ఉంటుంది, దీనికి మొన దగ్గర ఉంది" అంది. అంతా అందులోనే ఉంది. 1846లో ఎలియాస్ హోవే అమెరికాలో పేటెంటు తీసుకున్న మిషన్లో కూడా మొన దగ్గర బెజ్జం ఉన్న సూది, కింద ఇంకో దారాన్ని మోసే షటిల్ ఉన్నాయి. సూది మొత్తం బట్ట దాటి అవతలికి పోనక్కర్లేదు, ఉచ్చు ఇచ్చి తిరిగొస్తే చాలు.

తర్వాత అమ్మని బట్ట వదులుగా పట్టుకోమన్నాను. చక్రం తిప్పాను. సూది లేస్తుంటే బట్ట కూడా దాన్ని పట్టుకుని లేచింది. దారాన్ని ఆపేవాళ్ళు లేరు, ఉచ్చు ఉబ్బలేదు. హుక్కు మొన ఖాళీగా తిరిగి వెళ్ళిపోయింది. మళ్ళీ బిగించి పట్టుకుంటే ఉచ్చు వచ్చింది. ఇలా పది సార్లు చేసి చూశాం. ఇన్నేళ్ళు కుడుతున్నా ఇది నేనెప్పుడూ చూడలేదు.

నోటుపుస్తకంలో రెండు లైన్లు రాసుకున్నాను. ఉచ్చు పుట్టకపోతే కుట్టు పడదు. ఉచ్చు పుట్టినా హుక్కు దాన్ని అందుకోలేకపోతే పడదు. 37 బిళ్ళల్లో ప్రతిదీ ఈ రెంటిలో దేని కిందికి వస్తుందో తేల్చాలి.

జూలై 10

ముందు సూది. మిషన్లో ఉన్నది 11 నెంబరు, ఉగాదికి ముందు జాకెట్లు కుట్టినప్పుడు పెట్టింది. దాని మొన పట్టు ముక్క మీద అడ్డంగా గీస్తే పోగు లేచింది. మొన వంగిందని అర్థం. పై పొరలో రెండు జరీ అంచు ముక్కలున్నాయి, వాటి మీద నడిచి ఇంకా పాడైనట్టుంది.

వన్‌టౌన్‌కి వెళ్ళి 16 నెంబరు సూదులు అడిగాను. కొట్లో రద్దీ, నేనూ అట్ట చూడకుండా తెచ్చేశాను. ఇంటికొచ్చి పాత సూది పక్కన పెట్టి చూస్తే కొత్తదాని కాండం సన్నంగా, చుట్టూ గుండ్రంగా ఉంది. ఒక పక్క చదును లేదు. టైలర్ల పెద్ద మిషన్లకు వేసే సూదులవి, అట్ట మీద డీబీ×1 అని ఉంది. ఇంటి మిషన్లకు కావాల్సింది హెచ్ఏ×1, లేదా 130/705 అని రాసి ఉన్నవి. వాటి కాండానికి ఒక పక్క చదును ఉంటుంది. ఆ చదును వెనక్కి పెట్టి బిగిస్తే గుంట తనంతట తనే హుక్కు వైపుకి తిరుగుతుంది. గుండ్రటి సూది నా మిషన్లో వదులుగా ఊగుతుంది, గుంట ఎటు తిరిగిందో కూడా తెలియదు. నెంబరు ఒకటే అయినంత మాత్రాన సూది ఒకటి కాదు. వెళ్ళి మార్చుకొచ్చాను.

సూదుల అట్ట మీద 100/16 అని రెండు అంకెలుంటాయి. 100 అంటే సూది ఒక మిల్లీమీటరు మందం అని, 90 అంటే 0.90 అని. నా దారం నూలు దారం, కాస్త లావు. జానెడు దారం తెంచి విడి సూదిలో ఎక్కించి, రెండు చేతులతో వాలుగా పట్టుకున్నాను. 11 నెంబరు సూది జారలేదు, దారం మధ్యలో నిలిచిపోయింది. 14 ఆగి ఆగి జారింది. 16 సర్రున కిందికి పోయింది. బెజ్జంలో, గాడిలో దారం ఇరుక్కుంటే ఉచ్చు వదులుగా ఉబ్బే వీలు ఉండదు.

కొత్త సూదిని దాన్ని పట్టి ఉంచే క్లాంపులో పై దాకా నెట్టి బిగించాను. ఒక వెంట్రుక వాసి కిందికి ఉన్నా హుక్కు వచ్చే సమయం తప్పుతుంది. ఒక గీత కుట్టి లెక్కపెట్టాను. మొన్న గీతకి సగటున ఏడుకు పైగా ఉన్న బిళ్ళలు మూడుకి వచ్చాయి. ఏ వరసా లేకుండా అక్కడక్కడా వదిలే రకం మళ్ళీ కనబడలేదు.

జూలై 11

మిగిలినవన్నీ అతుకుల దగ్గరే. వేలితో తడిమితే గళ్ళ మూలలు కలిసే చోట చింతగింజంత గడ్డ తగులుతుంది. ఫుట్ ఆ గడ్డ ఎక్కేటప్పుడు ముందు భాగం లేచి, దిగేటప్పుడు వెనక భాగం లేచి ఉంటోంది. ఆ రెండు మూడు కుట్ల సేపు బట్టని నొక్కేది ఏదీ లేదు. మొన్న అమ్మ వదులుగా పట్టుకున్నప్పుడు ఏం జరిగిందో ఇదీ అదే.

అమ్మ పచ్చడిబండ తెచ్చింది. అతుకు మీద తడి గుడ్డ వేసి, కింద పీట పెట్టి, ప్రతి మూలా నాలుగు దెబ్బలు కొట్టి ఇస్త్రీ చేస్తే గడ్డ సగానికి అణిగింది. ఇంకో ఏర్పాటు నేను చేశాను. పాత జీన్స్ ముక్కని మడతలు పెట్టి గడ్డ ఎత్తుకు సరిపోయేలా చేశాను. ఫుట్ ముక్కు లేవబోతుంటే మడమ కింద ఆ ముక్క దూరుస్తాను, అప్పుడు ఫుట్ సమంగా నిలబడుతుంది. గడ్డ దాటాక ముక్కు కింద పెడతాను. ఆ నాలుగు కుట్లు మోటారు మీద కాకుండా చేత్తో చక్రం తిప్పి వేస్తున్నాను. గీతకి 16 అతుకులుంటాయి, కాబట్టి పని నెమ్మదిస్తుంది. అయినా రెండు గీతల్లో కలిపి ఒక్క బిళ్ళ.

జూలై 14

నిలువు గీతలు ఆరు మిగిలాయి. ఇవాళ ఒక విచిత్రం. పొద్దున్న జానెడు ముక్క మీద, అవే నాలుగు పొరలు, అదే దారం, పరీక్షగా కుట్టాను. ఒక్క కుట్టు తప్పలేదు. వెంటనే బొంత పెట్టి కుడితే అంచు నుంచి రెండడుగుల లోపలికి వెళ్ళేసరికి వదలడం మొదలైంది, అదీ అతుకు లేని చోట.

ముక్కకీ బొంతకీ తేడా ఏమిటి? బరువు. బొంత రెండు కిలోలకు దగ్గర తూగుతుంది. చుట్టచుట్టి మిషను సందులో పెట్టాక, మిగతాదంతా బల్ల అంచు నుంచి నా ఒడిలోకి వేలాడుతోంది. ఆ బరువు బట్టని నా వైపుకి లాగుతోంది. సూది లోపల ఉండగా బట్ట నా వైపు లాగితే సూది మొన కూడా నా వైపు వంగుతుంది. హుక్కు వచ్చేది సూది వెనక నుంచి. మధ్యలో సందు కాగితం మందం. సూది ఒక పిసరు ఇటు వంగితే చాలు, హుక్కు మొన ఉచ్చుని అందుకోకుండా పక్కనుంచి పోతుంది. ఉచ్చు ఉంది, హుక్కు చేరలేదు. నా నోటుపుస్తకంలో రెండో లైను.

ఇస్త్రీ బల్ల తెచ్చి నా ఎడమ పక్క, మిషను ఎత్తుకే సర్ది పెట్టాను. మిషను బల్లని గోడకి జరిపాను, వెనక బట్ట జారి పడకుండా. నా ముందు బొంతని చేటలో పోసినట్టు కుప్పగా వదిలేసి, సూది చుట్టూ జానెడు మేర మాత్రం ఎటూ లాగుడు లేకుండా వదులు చేశాను. ప్రతి పది అంగుళాలకీ ఆగి కుప్ప సర్దుకోవాలి. ఇలా కుడితే మిగతా గీతలు దాదాపు శుభ్రంగా వచ్చాయి. ఈ రోజు చేసినంత పెద్ద మేలు ఏ సూదీ చెయ్యలేదు, ఒక్క రూపాయి ఖర్చు కూడా కాలేదు.

జూలై 19

గళ్ళ లోపల తీగలు, ఆకులు కుట్టాలని మొదటి నుంచీ అనుకున్నది. దీనికి బట్టని జరిపే కింద పళ్ళు దింపేసి, బట్టని ఎటైనా కదలనిచ్చే డార్నింగ్ ఫుట్ పెట్టి, బట్టని మన చేతులతోనే నడిపించాలి. ఇక్కడ మళ్ళీ మొదటికొచ్చింది. ఆకు మొన తిరిగే ప్రతి చోటా వదులుతోంది.

మేనకోడలు వచ్చి పక్కన కూచుంది. కాసేపు చూసి, "ఉండత్తా, వీడియో తీస్తా" అని ఫోను స్లో మోషన్లో పెట్టి, సూది దగ్గరగా పట్టుకుంది. ఆ ఫోను సెకనుకి 240 బొమ్మలు తీస్తుంది. నా మిషను నిమిషానికి 600 కుట్లు వేస్తుందనుకుంటే, ఒక్క కుట్టుకి 24 బొమ్మలు. కంటికి కనబడనిదంతా అందులో కనబడింది. సూది లేచినప్పుడల్లా బట్ట చిన్న గుడారంలా లేచి, మళ్ళీ టప్పున పడుతోంది. డార్నింగ్ ఫుట్ బట్టకి తగలనే లేదు, మధ్యలో ఖాళీ ఉంది.

ఇంకొకటి ఆ పిల్లే కనిపెట్టింది. "నువ్వు అటు తోసినప్పుడు బాగానే పడుతోంది. నీ వైపు లాగినప్పుడే వదులుతోంది, చూడు." వీడియో నాలుగు సార్లు వెనక్కి తిప్పి చూశాను. నిజమే. బరువుకి వంగిన సూది ఇప్పుడు నా చేతులకి వంగుతోంది. ఆకు మొన దగ్గర తిప్పేటప్పుడు తెలియకుండానే చేతులు వడిగా, నా వైపు గుంజుతున్నాయి.

మూడు మార్పులు, ఒక్కోటి విడివిడిగా చేశాను. ఫుట్ స్క్రూ వదులు చేసి, ఫుట్‌ని ఒక పిసరు కిందికి దింపి బిగించాను. అది సూది దిగినప్పుడు బట్టని తాకి, లేచినప్పుడు జారనివ్వాలి, అంతే. గుడారం సగం తగ్గింది. రెండోది ప్లేటు. జిగ్‌జాగ్ కోసం నా ప్లేటుకి అడ్డంగా పొడవైన సందు ఉంటుంది. సూదితో పాటు బట్ట ఆ సందులోకి కుంగి, మళ్ళీ పైకి లేస్తుంది. ఒకే బెజ్జం ఉన్న ప్లేటు ఇదే మోడలుకి దొరికింది, తెచ్చి వేశాను. అది వేసి ఉండగా మరిచిపోయి జిగ్‌జాగ్ పెడితే సూది ఇనుముకి కొట్టుకుని విరుగుతుంది. అందుకని కుట్టు మార్చే చక్రం మీద ఎర్ర బొట్టు బిళ్ళే ఒకటి అంటించాను. మూడోది చేతులు. మోటారు వేగం కాస్త పెంచి, చేతులు నెమ్మది చేశాను. నేను ఎప్పుడూ దీనికి తిరగేసి చేసేదాన్ని, భయం కొద్దీ పెడలు మెల్లగా నొక్కి, చేతులతో తొందరపడేదాన్ని. పట్టు కోసం రబ్బరు చుక్కలున్న తోటపని గ్లౌజులు వేసుకున్నాను. వేళ్ళు జారకపోతే గుంజాల్సిన పని ఉండదు.

మామూలు 16 సూది తీసి జీన్స్ సూది 16 పెట్టాను. దాని ఒళ్ళు గట్టిది, తొందరగా వంగదు. నూలు గళ్ళ మీద ఆకులు ఇప్పుడు చూడముచ్చటగా వస్తున్నాయి.

జూలై 22

నీలం గళ్ళు.

అతుకులు అణిచాం, బరువు సర్దాం, ఫుట్ దింపాం. నూలు గడిలో బిళ్ళ పడదు, పక్కనే ఉన్న నీలం గడిలో నాలుగు. అదే తీగ, అదే చెయ్యి. ఇక దోషం బట్టదే. సింథటిక్ నేత బాగా దగ్గర, పోగు నున్నన, కాస్త సాగుతుంది కూడా. సూది పోగుల మధ్య దారి చేసుకోవడానికి బదులు బట్టని తనతో కిందికి నెట్టి, తనతోనే పైకి లాక్కొస్తోంది. ప్లేటు విప్పి చూస్తే మిగతా చోట్ల బియ్యపు గింజంత ఉబ్బే ఉచ్చు ఇక్కడ గసగసంత కూడా రాలేదు.

వదిన ఫోన్లో, "పోనీ ఆ గళ్ళు తీసేసి వేరేవి పెట్టకూడదా" అంది. నాకు మనసొప్పలేదు.

సన్నటి మొన ఉన్న 14 నెంబరు కొత్త సూది వేస్తే గడికి నాలుగు బిళ్ళలు రెండయ్యాయి. అప్పుడు ట్రేసింగ్ పేపరు గుర్తొచ్చింది. గడికి సరిపడా కోసి, దాని మీద పెన్సిలుతో తీగ గీసి, నీలం గడి మీద గుండుసూదులతో పెట్టి, కాగితం మీద నుంచే కుట్టాను. కాగితం సాగదు, లేవదు, బట్టని కదలనివ్వదు. పైగా గీత చూసుకుంటూ కుట్టొచ్చు, చేతులు తడబడవు. ఆ గడిలో ఒక్క బిళ్ళ పడలేదు. రెండోది, మూడోది కూడా. కుట్టాక కాగితం చిల్లుల వెంట చిరుగుతుంది. ఆకు లోపల ఇరుక్కున్న పీలికలు మేనకోడలు పట్టకారుతో లాగింది. కాగితం సూది మొనని అరగదీస్తుంది కాబట్టి పన్నెండు గళ్ళకో సూది మార్చాను. 36 గళ్ళకి మూడు సూదులు.

జూలై 25

తొందరలో పొరపాటు. అంచు దగ్గర తీయడం మరిచిన పిన్నీసు మీదకి సూది దిగింది. టక్కుమని విరిగి, మొన ముక్క ఎగిరి బల్ల కింద పడింది. కళ్ళజోడు ఉంది కాబట్టి సరిపోయింది.

కొత్త సూది వేసి మొదలుపెడితే ఇప్పటిదాకా లేని రోగం. నూలు మీద, నీలం మీద, పరీక్ష ముక్క మీద, అన్నిటి మీదా వదులుతోంది, మధ్యలో దారం చీలి బొచ్చు లేస్తోంది. బిళ్ళలు అంటించాల్సిన పని కూడా లేకపోయింది. చోటుని బట్టి వదిలితే బట్టలోనో చేతిలోనో కారణం వెతకొచ్చు. అన్ని చోట్లా ఒకేలా వదిలితే మిషను వైపే చూడాలి.

మా వీధి చివర మిషను బాగుచేసే పెద్దాయన దగ్గరికి మోసుకెళ్ళాను. సంగతంతా చెప్పి, "టైమింగు పోయిందంటారా? సూది లేచే వేళకి హుక్కు అందడం లేదా?" అని నేనే అడిగాను. "ముందు సూది, తర్వాత హుక్కు, ఆఖర్న టైమింగమ్మా. ఉత్తినే దాన్ని కదిలించకూడదు" అన్నాడు. ప్లేటు తీసి, చక్రం తిప్పి, సూది లేస్తున్నప్పుడు హుక్కు మొన ఎక్కడికి వస్తోందో చూపించాడు. బెజ్జానికి ఒక మిల్లీమీటరున్నర పైన, ఉండాల్సిన చోటే ఉంది. తర్వాత హుక్కు బయటికి తీసి, నా చూపుడు వేలు గోరుని దాని మొన వెంట నడిపించమన్నాడు. ఒక చోట గోరు ఆగింది. విరిగిన సూది తగిలి లేచిన ఇసుక రేణువంత గరుకు. ఉచ్చులోకి నున్నగా దూరాల్సిన మొన దారాన్ని చీలుస్తోంది.

సన్నటి నీటి ఎమెరీ కాగితం చిన్న ముక్క తీసుకుని, నూనె చుక్క వేసి, మొన వైపుకే ఒక దిక్కుగా పదిసార్లు రాశాడు. "మొన మొద్దుబారితే మళ్ళీ కుట్టు అందదు, గరుకే పోవాలి" అంటూ మధ్యమధ్యలో గోరుతో చూసుకున్నాడు. పావుగంట పట్టింది. అక్కడే నా పరీక్ష ముక్క కుట్టించాడు. రెండు గజాల మేర తిరగేసి చూశాను, ఒక్కటి లేదు. హుక్కు చుట్టూ పేరుకున్న నూలు ధూళి కూడా తీసి చూపించాడు, చిటికెడుంది. బాబిన్ రెండు సార్లు మార్చినప్పుడల్లా బ్రష్షుతో దులపమన్నాడు.

జూలై 28

తీగలు పూర్తి. మొదటి రోజు వేసిన ఐదు గీతల్లో అంటించిన బిళ్ళలు ఇన్నాళ్ళూ తీయలేదు, దారి చూపిస్తాయని ఉంచాను. ఇవాళ వాటిని బాగు చేస్తున్నాను.

వదిలిన చోట నుంచి రెండు వైపులా అంగుళం చొప్పున విప్పాను. పై దారపు కొసల్ని కింద దారంతో లాగి వెనక్కి తెచ్చి, రెండు కొసలూ కలిపి ముడి వేశాను. ఆ కొసల్ని చేతి సూదిలోకి ఎక్కించి, పొరల మధ్య నుంచి ఒక అంగుళం నడిపించి కత్తిరిస్తే ముడి లోపల దాక్కుంటుంది. ఖాళీ అయిన ముక్కని మిషను మీద కుట్టి, మొదలు చివర ఇలాగే దాచాలి. అరగంటకి నాలుగు బిళ్ళలు పూర్తవుతున్నాయి. వరుసగా నాలుగైదు బిళ్ళలు పడిన రెండు గీతల్ని మాత్రం పూర్తిగా విప్పి కొత్తగా వేశాను, అదే త్వరగా అయింది.

అమ్మ పక్కన కూచుని ఏమీ అడక్కుండానే చేతి సూది తీసుకుంది. మూడు చోట్ల మిషను పెట్టకుండా తనే చేత్తో నింపింది. దగ్గరగా చూస్తే ఆ కుట్లు మిషను కుట్ల కంటే కాస్త లావుగా, కొంచెం పక్కకి వాలి ఉంటాయి. అవి నీలం గడి పక్కన, కాళ్ళ వైపు వస్తాయి. వాటిని అలాగే ఉంచమని మేనకోడలు చెప్పింది.

జూలై 30

అంచు పట్టీ వేస్తున్నాను. రెండున్నర అంగుళాల పట్టీలు, వెనక పొర చీర కొంగుతో. మూలల దగ్గర పొరలు బాగా కలుస్తాయి కాబట్టి అక్కడ జీన్స్ ముక్క, చేత్తో చక్రం. మూడు మూలలు అయ్యాయి, ఒక్క బిళ్ళ లేదు. నాలుగో మూల, దాని పక్క 22 అంగుళాలు మిగిలాయి. ఎల్లుండి ఒకసారి నానబెట్టి ఉతికి, మేడ మీద నీడలో ఆరేయాలి, ఉతుకులో ఎక్కడైనా పోగు లేస్తే ఇంకో రెండు రోజులు చేతిలో ఉంటాయి. రైలు ఆగస్టు 4న.